నకులుడినే ఎందుకు అడిగాడు? దేవరియా తాల్ ఒడ్డున నాన్న వేసిన ప్రశ్న



కేదార్‌నాథ్ యాత్ర సిరీస్ చూసినవాళ్ళు చాలామంది ఒకటే అడిగారు. దేవరియా తాల్ వీడియో పన్నెండు నిమిషాలకే అయిపోయిందేంటి, అంత అందమైన చోటు ఇంకాస్త చూపించొచ్చు కదా అని. నిజమే. ఆ సరస్సు ఒడ్డున మేం మూడు గంటల పైనే కూర్చున్నాం. కెమెరా నడిచింది మాత్రం మొదటి గంటే. తర్వాత జరిగింది వీడియోలో పెట్టేది కాదు. కానీ చెప్పాల్సిన మాట. అందుకే ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్ద పోస్ట్, తీరిక చేసుకుని చదవండి.

పోయిన నెల దసరా వెళ్ళాక నాన్నని తీసుకుని బయల్దేరాను. నాన్నకి యాభై ఎనిమిదేళ్ళు. గుడివాడ దగ్గర చేపల చెరువులు లీజుకి తీసుకుని చేస్తాడు. పుట్టింది దివిసీమలో, నాగాయలంక దిగువన. ఆయన జన్మలో ఎక్కిన పెద్ద కొండ ఇంద్రకీలాద్రి. అదీ బస్సులో. అలాంటి మనిషి కేదార్‌నాథ్ గుడి వెనకాల భీమశిల ముందు చాలాసేపు నిలబడిపోయాడు. 2013 జూన్‌లో పైన ఉన్న చోరాబరీ సరస్సు కట్ట తెగి నీళ్ళు, రాళ్ళు ఊరి మీద పడ్డప్పుడు ఆ బండ గుడి వెనక ఆగి ప్రవాహాన్ని పక్కలకి చీల్చింది కదా. అక్కడ అందరూ దణ్ణం పెట్టి ఫోటోలు దిగుతున్నారు. నాన్న మాత్రం పైకి చూసి, "ఎంత చెరువురా అది, ఇంత పని చేసింది?" అన్నాడు. నేను వీడియో తీసుకునే హడావిడిలో ఉన్నా. జవాబు చెప్పలేదు.

కిందకి దిగి ఊఖీమఠ్ వచ్చాం. చలికాలం ఆరు నెలలూ కేదారనాథుడికి పూజలు జరిగేది అక్కడి ఓంకారేశ్వర ఆలయంలోనే. మర్నాడు తుంగనాథ్ వెళ్ళాలి. దారిలో సారీ అనే ఊరు, అక్కడినుంచి దేవరియా తాల్‌కి కాలిబాట. మూడు కిలోమీటర్ల లోపే, కానీ మొత్తం ఎక్కుడే. సరస్సు ఉన్నది సుమారు 2,400 మీటర్ల ఎత్తులో. నా ప్లాన్ ఏంటంటే, అరగంటలో నాలుగు షాట్లు తీసి, యక్షప్రశ్నల కథ కెమెరాకి చెప్పేసి, మధ్యాహ్నంలోగా దిగి చోప్తా వెళ్ళిపోవాలి. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. యక్షుడి సరస్సు దగ్గరికి స్టాప్‌వాచ్ పెట్టుకుని వెళ్ళిన మొనగాణ్ణి నేను.

పైకి చేరాక నాన్న గడ్డిలో కూలబడి, "కాళ్ళు లేవట్లేదురా. మీరు ఎక్కడికెళ్తారో వెళ్ళిరండి, నేనిక్కడే ఉంటా" అన్నాడు. మా గైడ్ కుర్రాడు కూడా చెప్పులు విప్పి పక్కనే పడుకున్నాడు. ఇంక చేసేదేముంది, ఆగిపోయాం.

ఆ చోటు ఎలా ఉంటుందో వీడియోలో చూశారు కదా. చుట్టూ ఓక్ చెట్లు, పచ్చిక, మధ్యలో నీళ్ళు. ఆ నీళ్ళలో చౌఖంభా శిఖరాలు తలకిందులుగా. 7,138 మీటర్ల కొండ, మన ఊరచెరువంత కూడా లేని నీళ్ళలో మొత్తం పట్టేసింది. నేను ఫ్రేమ్ చూసుకుంటుంటే నాన్న ఒక కౌలుదారు చెరువు చూసినట్టు చూస్తున్నాడు. "దీనికి తూము ఎక్కడరా? నీళ్ళు ఎటునుంచి వస్తాయి? లోతెంత ఉంటది? చేపలేమైనా ఉన్నాయా?" అని గైడ్‌ని అడగమన్నాడు. నేను హిందీలో అడిగాను. ఆ అబ్బాయి నవ్వి ఒకటే చెప్పాడు, ఇది దేవతల తాల్, దీని లెక్కలు మేం అడగం అని.

అక్కడివాళ్ళ నమ్మకం ప్రకారం పాండవుల్ని యక్షుడు పరీక్షించింది ఇక్కడే. మీకు నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నా. భారతంలో ఆ కథ జరిగేది ద్వైతవనంలో. పాకిస్తాన్ పంజాబులో ఉన్న కటాస్‌రాజ్ కోనేటికి కూడా ఇదే కథ చెప్తారు. ఏది అసలు అని తగువు పెట్టుకునే ఓపిక నాకు లేదు. దాహంతో ఎక్కివచ్చినవాడి ముందు నీళ్ళుండి, వాటిని ముట్టుకోవద్దని ఎవరో అంటే ఎలా ఉంటుందో ఆ ఎక్కుడు ఎక్కాక నాకు అర్థమైంది. నాకు అది చాలు.

కథ తెలియనివాళ్ళ కోసం తొందరగా చెప్తాను. ఒక బ్రాహ్మణుడి అరణి, అంటే అగ్ని చిలికే కొయ్య, ఒక లేడి కొమ్ములకు చిక్కుకుని పోయింది. అది తెచ్చిపెట్టమని ఆయన పాండవుల్ని అడిగాడు. వెంటపడ్డారు, అలిసిపోయారు, నోరెండిపోయింది. నకులుడు చెట్టెక్కి చూసి నీళ్ళు దగ్గర్లోనే ఉన్నట్టున్నాయన్నాడు. ధర్మరాజు అతన్నే పంపాడు. సరస్సు దగ్గర ఒక గొంతు వినిపించింది. ఈ నీళ్ళు నావి, నా ప్రశ్నలకి జవాబు చెప్పి తాగమంది. నకులుడు ఆగలేదు. తాగాడు, పడిపోయాడు. వెతుక్కుంటూ వచ్చిన సహదేవుడూ అంతే, అర్జునుడూ అంతే, భీముడూ అంతే. చివరికి ధర్మరాజు వచ్చాడు. నలుగురు తమ్ముళ్ళు ఒడ్డున పడి ఉన్నారు. ఏడ్చాడు. ఆయనకీ దాహమే, ఆయనా నీళ్ళలోకి దిగబోయాడు. గొంతు వినిపించింది. ఆగాడు.

మనం ఎప్పుడూ ప్రశ్నల గురించే మాట్లాడుకుంటాం. భూమికంటే బరువైనది తల్లి, గాలికంటే వేగమైనది మనసు, ఇవన్నీ చిన్నప్పుడు బడిలోనే నేర్చుకున్నాం. తెలుగులో ఈ ఘట్టం ఎర్రన రాశాడు. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేసింది ఆయనే, ఇది పర్వం చివర్లో వస్తుంది. అయితే నా ఉద్దేశంలో ఆ జవాబులన్నీ నోటి పరీక్ష. అసలు పరీక్ష ఆ తర్వాత ఉంది. యక్షుడు మెచ్చి, నీ తమ్ముళ్ళలో ఒక్కణ్ణి బతికిస్తా, ఎవరు కావాలో చెప్పు అన్నాడు.

ఒక్క నిమిషం ఆ చోట నిలబడి చూడండి. పన్నెండేళ్ళ అరణ్యవాసం అయిపోవచ్చింది. ముందు అజ్ఞాతవాసం ఉంది, దాని వెనకాల యుద్ధం ఉంది. పనికొచ్చే లెక్క చూసుకుంటే అడగాల్సింది అర్జునుణ్ణి, లేదా భీముణ్ణి. ధర్మరాజు నకులుణ్ణి అడిగాడు. యక్షుడికే ఆశ్చర్యం వేసింది. అంతటి భీముణ్ణి, అర్జునుణ్ణి వదిలేసి సవతి తల్లి కొడుకు ఎందుకయ్యా అన్నాడు. దానికి ధర్మరాజు ఇచ్చిన కారణం చాలా చిన్నది. మా నాన్నకి ఇద్దరు భార్యలు. కుంతికి నేనొకణ్ణి మిగిలాను. మాద్రికీ ఒక కొడుకు మిగలాలి.

మాద్రి అప్పటికి లేదు. పాండురాజుతో పాటే పోయింది, కవలల్ని కుంతి చేతిలో పెట్టి. ఆవిడ వచ్చి నా కొడుకేడీ అని అడగదు. లోకంలో ఎవరూ అడగరు. అడగడానికి లేని మనిషి వాటాని ధర్మరాజు గుర్తుపెట్టుకుని తీసిపెట్టాడు. ఆ మాటకే యక్షుడు తన అసలు రూపంతో యమధర్మరాజుగా కనిపించి నలుగురినీ బతికించాడు.

ఇదంతా కెమెరాకి బాగానే చెప్పాను. మీరు చూశారు. మన ఛానల్‌లో ఈ కథ చెప్పడం నాకిది మూడోసారి. కట్ చేసి ట్రైపాడ్ మడుస్తుంటే వెనకనుంచి నాన్న అడిగాడు.

"మరి భీముడేమన్నాడ్రా?"

"ఏ విషయం నాన్నా?"

"అదే. సొంత తల్లి కడుపున పుట్టిన అన్న తనని వదిలేసి నకులుణ్ణి అడిగాడని తర్వాత తెలిసుంటది కదా. ఏమన్నాడు?"

నాకు తట్టిన జవాబు చెప్పాను. తమ్ముళ్ళు నిద్రలోంచి లేచినట్టు లేచారు, ఆకలీ దాహం కూడా పోయాయి, అంతవరకే కథలో ఉంది నాన్నా అన్నాను. భీముడు ఏమనుకున్నాడో నేను చదివినంతలో ఎక్కడా లేదు. నాన్న కాసేపు నీళ్ళకేసి చూసి, "తెలిసే ఉంటది. ఇళ్ళల్లో ఇలాంటివి దాగవు" అన్నాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి.

1977 నవంబరు 19, శనివారం, కార్తీకమాసం. దివిసీమ ఉప్పెన. మీలో చాలామందికి అది నెట్‌లో చదివిన పేరు. కృష్ణా జిల్లావాళ్ళ ఇళ్ళల్లో అది ఇంకా మనుషుల పేర్లతో ఉంటుంది. సముద్రం ఐదారు మీటర్లు లేచి ఊళ్ళ మీద నడిచింది. పోయినవాళ్ళు పదివేలకి అటూఇటూ అని లెక్కలు, లెక్కలో రానివాళ్ళు వేరే. మా తాతయ్య, ఆయన తమ్ముడు పశువుల పలుపులు విప్పడానికి వెళ్ళి తిరిగి రాలేదు. చిన్నతాతయ్య భార్య కూడా ఆ రాత్రే పోయింది. మిగిలింది నాయనమ్మ, పదకొండేళ్ళ నాన్న, ఐదేళ్ళ బాబాయి. బాబాయి అంటే చిన్నతాతయ్య కొడుకు. ఇల్లు లేదు, పొలమంతా ఉప్పు. ఇద్దరు పిల్లల్ని తీసుకుని నాయనమ్మ గుడివాడ దగ్గర వాళ్ళ అన్నయ్య ఊరు చేరింది. నాట్లు, కలుపులు, కుప్పనూర్పిళ్ళు, దొరికిన పనల్లా చేసింది.

రెండేళ్ళకి నాన్న ఏడో తరగతి పాసయ్యాడు. క్లాసులో ముందుండేవాడట. ఇంట్లో రెండో సంపాదన కావాలి, ఒక్కడినే చదివించగలం అన్నాడు నాయనమ్మ అన్నయ్య. పెద్దాణ్ణి హైస్కూల్లో వేద్దాం, చిన్నాడు పశువుల దగ్గర ఉంటాడు అన్నాడు. నాయనమ్మ కాదంది. పెద్దాడు పనికొస్తాడు, చిన్నాడే చదువుకోవాలి అంది.

బాబాయి ఇంజినీరయ్యాడు. హైదరాబాద్‌లో ఇల్లు, పిల్లలు అమెరికాలో. నాన్న పాలేరుతనం, తర్వాత కౌలు సేద్యం, తర్వాత చెరువులు. నేను పెరిగిందంతా ఈ రెండు జీవితాల మధ్య తేడా చూస్తూనే. నాన్న ఒక్కరోజు నోరు తెరిచి ఏమీ అనలేదు. ఆయన అనని కోపమంతా నేను పెంచుకున్నా.

రెండేళ్ళ కిందట నాయనమ్మ పోయింది. హంసలదీవి సాగరసంగమంలో అస్థికలు కలిపాం. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట మునిగితే కాకి హంస అయిందని చెప్తారు, మీకు తెలుసుగా. ఆ నీళ్ళలోంచి బయటికొచ్చి తడిబట్టలు ఆరకముందే బాబాయి నాన్నతో అన్నాడు, "అన్నయ్యా, నాగాయలంక పొలంలో నాన్న వాటా నా పేర రాయిద్దాం" అని. ఎకరం నలభై సెంట్లు. ఉప్పెన తర్వాత ఎవరూ మొహం చూడని నేల. ఇప్పుడు చుట్టూ రొయ్యల చెరువులు వచ్చాక దానికి రేటు వచ్చింది. పాసుపుస్తకం నాన్న పేరు మీదే ఉంది. చదువు నీకే, ఇప్పుడు పొలం కూడానా అని నాకు ఒళ్ళు మండిపోయింది. లాయర్ చేత నోటీసు రాయించాను, ఇన్నేళ్ళూ శిస్తు కట్టింది, కాపాడింది మేమే కాబట్టి వాటా లేదని. డ్రాఫ్ట్ నా మెయిల్‌లో ఉంది. నాన్న సంతకం ఒక్కటే తక్కువ. యాత్ర చేసుకొచ్చాక పెట్టిద్దాం అనుకున్నా. అవును, కేదార్‌నాథ్ చూసి వచ్చాక.

ఇప్పుడు సరస్సు దగ్గరికి వద్దాం.

"మీకు తెలిసినప్పుడు మీరేమన్నారు నాన్నా?" అని అడిగాను. ముప్పై ఏళ్ళ నా జీవితంలో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఇంటి దగ్గర మాకు టైం ఉండదు. ఉన్నా టీవీ ఉంటుంది.

"నేనూ ఊరుకోలేదు. పుస్తకాలు తీసుకెళ్ళి కాలవలో పడేశా. నెల్లాళ్ళు మా అమ్మతో మాట్లాడలా. స్కూల్ తెరిచిన రోజు వీడేమో అన్నయ్య రాకపోతే నేనూ వెళ్ళనని గుంజ పట్టుకుని ఏడుపు. ఎత్తుకుని తీసుకెళ్ళి దింపొచ్చా. మరి ఏం చేస్తాం?"

"నాయనమ్మ అలా ఎందుకు చేసిందని అడగలేదా?"

"అడగడం దేనికి, నాకు తెలుసుగా. నేనూ ఆ చెట్టు మీదే ఉన్నా."

అప్పుడు చెప్పాడు. నాన్న చేతుల మీద తుమ్మముళ్ళ మచ్చలు చిన్నప్పటినుంచి చూస్తున్నా. అవి ఉప్పెనవని తెలుసు. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి తుమ్మచెట్టు మీద నలుగురున్నారట. నాయనమ్మ, నాన్న, చిన్ననాయనమ్మ, బాబాయి. గాలికి కొమ్మ ఊగుతోంది, నీళ్ళు నడుముల దాకా. చిన్ననాయనమ్మకి చేతుల్లో పట్టు పోతోంది. ఆవిడ తన ఒంటిమీది ఆకుపచ్చ చీర విప్పి, పిల్లాణ్ణి నాయనమ్మ వీపుకేసి కట్టింది. రెండు ముళ్ళు వేసి, లాగి చూసి, మూడో ముడి కూడా వేసింది. ఏమీ మాట్లాడలేదు, ఆ గాలిలో మాట్లాడినా వినపడదు. తెల్లారేసరికి చెట్టు మీద ముగ్గురే ఉన్నారు.

"మీ నాయనమ్మ ఏం చదువుకుందిరా, ఈ యక్షుడి కథ తెలియడానికి? హరికథలో వినుంటే వినుంటది, లేకపోతే అదీ లేదు. ఆ పిల్ల కట్టిన ముడి మాత్రం దానికి తెలుసు."

నేను చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడగకూడదనుకుంటూనే అడిగాను, "కోపం పోయిందా నాన్నా మరి?"

"ఎక్కడ పోద్ది? ఇప్పుడూ వస్తది. ఆక్సిజన్ తగ్గి చెరువులో చేప తేలిన రోజు వస్తది. చదువుకునుంటే ఈ బాధ లేదుగా అనిపిస్తది. కోపం వచ్చినంత మాత్రాన లెక్క మారుద్దా?"

చూడండి, ఈ కథ మీద నేను విన్న ఉపన్యాసాలన్నిట్లో ధర్మరాజు గొప్పతనమే చెప్పారు. నేనూ అదే చెప్పాను, మూడుసార్లు. నకులుణ్ణి అడిగిన మాట ధర్మరాజుది. కానీ ఆ మాట ఖరీదు, ఒకవేళ యక్షుడు అక్కడితో ఆపేసి ఉంటే, ఎవరు కట్టేవాళ్ళు? ఒడ్డున పడి ఉన్న భీముడు. అతన్ని ఎవరూ అడగలేదు. నా ఎదురుగా గడ్డిలో మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న మనిషి నలభై ఐదేళ్ళుగా ఆ ఖరీదు కడుతూ వచ్చాడు. అదీ మంచివాడిలా నవ్వుతూ ఏమీ కాదు, కోపం వచ్చినప్పుడు కోపంతోనే, కట్టడం మాత్రం ఆపకుండా. దాన్ని ఏమనాలో శాస్త్రంలో పేరు ఉండే ఉంటుంది. నాకు మాత్రం వెంటనే తోచలేదు.

నోటీసు సంగతి నేను ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు.

"వాడికి వాళ్ళ నాన్న ఫోటో కూడా లేదు, తెలుసా? మా నాన్నదీ లేదనుకో, కానీ నాకు మొహం గుర్తుంది. వాడికి ఐదేళ్ళు. ఆ పొలం కాగితంలో వాళ్ళ నాన్న పేరు పక్కన తన పేరు చూసుకోవాలని ఉందేమో. డబ్బుకైతే ఆ డెబ్బై సెంట్లు వాడికి ఏ మూలకి?"

"అలా అని ఆయన చెప్పాడా?"

"చెప్పలా. అడిగితేగా చెప్పేది. నువ్వు మొహం తిప్పుకుని బండెక్కావ్, నేను నీ వెనకాల ఎక్కా."

ఇది నాకు బాగా తగిలింది. హంసలదీవిలో బాబాయి ఇంకో మాట అనబోతుంటే నేనే కారు స్టార్ట్ చేశాను. నిజంగా. ఆగమని ఒక గొంతు అంటున్నా ఆగకుండా వెళ్ళిపోయినవాళ్ళ కథని ఛానల్‌లో మూడుసార్లు చెప్పినవాణ్ణి.

మధ్యాహ్నం దాటాక మబ్బు దిగి చౌఖంభా కనిపించకుండా పోయింది. నాన్న లేచి ఒడ్డుకి వెళ్ళి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, నాయనమ్మ పేరు, తాతయ్య పేరు, చిన్నతాతయ్య పేరు, చివర్న చిన్ననాయనమ్మ పేరు చెప్పి వదిలాడు. మంత్రం లేదు, పంతులు లేడు. ఆవిడ పేరు నేను వినడం అదే మొదలు. అంతవరకు ఇంట్లో ఎప్పుడూ "వాళ్ళమ్మ" అనే విన్నాను. పేరు ఇక్కడ రాయడం లేదు, అది మా ఇంటి పూజగదికి.

ఆ సాయంత్రం చోప్తా వెళ్ళలేకపోయాం. సారీ ఊళ్ళోనే ఉండిపోయాం. కిందకి దిగాక ఫోన్ సిగ్నల్ రాగానే నాన్న బాబాయికి కలపమన్నాడు. పొలం మాట ఏమైనా మాట్లాడతాడేమో అని నేను పక్కనే నిలబడ్డా. నాన్న ఐదు నిమిషాలు సరస్సు గురించే చెప్పాడు. తూము లేదట, ఎండదట, ఎవరూ చేప వెయ్యరట, ఎంత మంచి నీళ్ళో అని. చివర్న, "వచ్చాక ఒకసారి నాగాయలంక వెళ్దాం, ఆ సర్వేయర్ని పిలు" అని పెట్టేశాడు.

పోయిన వారం వెళ్ళొచ్చారు, ఇద్దరే. నన్ను రావద్దన్నారు.

మా ఇంటి మాట ఇలా బయటపెట్టొచ్చా అని చాలా ఆలోచించాను. నాన్నకి చదివి వినిపించాను, పెట్టుకో అన్నాడు. బాబాయికి వాట్సాప్‌లో పంపించాను. చెట్టు సంగతి ఆయనకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు, అప్పటికి మరీ చిన్నవాడు కాబట్టి ఏమీ గుర్తుండదని నాన్న, నాయనమ్మ ఇద్దరూ అనుకున్నారు. రెండు రోజులు బ్లూ టిక్ మాత్రమే. మూడో రోజు పొద్దున్న ఒక్క లైన్ వచ్చింది.

"చీర ఆకుపచ్చ కాదురా, నీలం. మిగతాదంతా కరెక్టే, పెట్టుకో."

నాన్నకి ఫోన్ చేసి చదివాను. అటువైపు చెరువు మీద ఏరియేటర్ చప్పుడు వినిపిస్తోంది. చాలాసేపటికి అడిగాడు, "వాడికి గుర్తుందా?"